ఒక యుద్ధం... రెండు పుస్తకాలు!

గెలిచినవాడు ఓ పుస్తకం రాస్తాడు. ఓడినవాడు ఇంకో పుస్తకం రాస్తాడు. ఇద్దరి మధ్యా నలిగినవాడు చాలాసార్లు ఏమీ రాయడు. అందుకే సైనిక చరిత్ర చదవాలని సరదాపడేవారికి ఓ చిన్న సలహా... ఏ యుద్ధం గురించైనా ఒక్క పుస్తకంతో ఆగిపోకండి. పక్కనే ఇంకోటి పెట్టుకోండి. నిజం చాలాసార్లు ఆ రెంటి మధ్యా దొరుకుతుంది!

1962 అక్టోబరు.

వాషింగ్టన్‌లో అధ్యక్షుడు జాన్ కెనడీకి కంటిమీద కునుకు లేదు. క్యూబాలో సోవియట్ యూనియన్ క్షిపణులు మోహరించింది. ఒక్క తప్పటడుగు పడితే అణుయుద్ధమే. ఆ సమయంలో ఆయన మనసులో మెదిలింది గూఢచారుల నివేదికలు మాత్రమే కాదు, ఓ చరిత్ర పుస్తకం కూడా. బార్బరా టక్‌మన్ రాసిన 'ద గన్స్ ఆఫ్ ఆగస్ట్'. 1914లో ఐరోపా దేశాలు ఒకదాన్నొకటి తప్పుగా అంచనా వేసుకుంటూ మొదటి ప్రపంచయుద్ధంలోకి ఎలా జారిపోయాయో చెప్పే పుస్తకమది. రేపు ఎవరో వచ్చి 'అక్టోబరు క్షిపణులు' అంటూ ఇలాంటి పుస్తకమే రాసే పరిస్థితి తాను తెచ్చుకోదలచుకోలేదని కెనడీ తమ్ముడు రాబర్ట్‌తో అన్నాడట. చివరికి ఇరుపక్షాలూ వెనక్కి తగ్గాయి. టక్‌మన్ పుస్తకానికి మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి వచ్చింది.

సరిగ్గా అవే రోజులు. ప్రపంచానికి ఇటుచివర, భూటాన్ సరిహద్దుకు దగ్గర్లో నామ్‌కా చూ అనే కొండవాగు. దాని ఒడ్డున భారత సైన్యానికి చెందిన ఏడో బ్రిగేడ్. ఎముకలు కొరికే చలి. ఒంటిమీద వేసవి దుస్తులు. చేతిలో చాలీచాలని తూటాలు. ఎదురుగా ఎత్తయిన కొండమీద చైనా సైన్యం. అక్టోబరు 20 తెల్లవారుజామున దాడి మొదలైంది. కొన్ని గంటల్లోనే బ్రిగేడ్ చెల్లాచెదురైంది. దాని అధిపతి బ్రిగేడియర్ జాన్ దాల్వీ రెండు రోజుల తర్వాత చైనావాళ్లకు చిక్కాడు. ఏడు నెలలు ఖైదీగా గడిపి తిరిగొచ్చాడు.

ఒకచోట యుద్ధ చరిత్ర చదివిన నాయకుడు ఆగి ఆలోచించాడు. ఇంకోచోట ఆలోచించడానికి ఎవరూ ఆగలేదు. యుద్ధాల పుస్తకాలు ఎందుకు చదవాలని ఎవరైనా అడిగితే ఈ అక్టోబరు కథ చెబితే చాలు.

తప్పెవరిది?

తిరిగొచ్చిన దాల్వీ ఊరుకోలేదు. 1969లో 'హిమాలయన్ బ్లండర్' రాశాడు. మన దేశంలో సైనికాధికారులు రాసిన పుస్తకాల్లో ఇంత ఆవేదనతో రాసింది మరొకటి అరుదు. అక్కడ నిలబడి పోరాడటం అసాధ్యమని తెలిసీ దిల్లీ నుంచి ఆదేశాలు ఎలా వచ్చాయో, కొండల మీద గీతలు గీసినంత సులువుగా సైనికుల్ని ఎలా నడిపించాలనుకున్నారో పూసగుచ్చినట్టు చెబుతాడు. చదువుతుంటే కడుపు రగిలిపోతుంది.

అక్కడితో ఆగితే మాత్రం సగమే చదివినట్టు. అంతకు రెండేళ్ల ముందే, 1967లో, ఆ రంగానికి అధిపతిగా ఉన్న లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం.కౌల్ 'ద అన్‌టోల్డ్ స్టోరీ' పేరుతో తన కథ తాను చెప్పుకున్నాడు. సరిగ్గా దాడికి ముందు జబ్బుపడి దిల్లీ చేరిన జనరల్ ఆయన. దాల్వీ పుస్తకంలో వేలు ఎక్కువగా ఎవరివైపు చూపించి ఉంటుందో వేరే చెప్పాలా? కౌల్ మాత్రం సైన్యాన్ని ఏళ్ల తరబడి పస్తులుంచిన ప్రభుత్వాన్ని చూపిస్తాడు. ఇద్దరూ ఒకే కొండల గురించి రాశారు. రెండూ చదివితే అవి వేర్వేరు కొండలేమో అనిపిస్తుంది!

మూడో గొంతు కూడా ఉంది. లండన్ 'టైమ్స్' విలేకరిగా దిల్లీలో పనిచేసిన నెవిల్ మాక్స్‌వెల్ 1970లో 'ఇండియాస్ చైనా వార్' తెచ్చాడు. తప్పంతా మన ప్రభుత్వ విధానానిదే అన్నాడు. చైనా పక్షం వహించాడన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అయినా చదవాల్సిందే. ఎందుకంటే ఆ ఓటమిపై లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ పి.ఎస్.భగత్ 1963లో ఇచ్చిన విచారణ నివేదికను చూసి రాసినవాడు ఆయన. 2014లో అందులో కొంత భాగాన్ని తానే బయటపెట్టాడు. ప్రభుత్వం మాత్రం ఆ నివేదికను ప్రచురించలేదు. అరవయ్యేళ్లు దాటినా!

2020 జూన్‌లో గల్వాన్ లోయలో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్‌బాబు ప్రాణాలు కోల్పోయినప్పుడు తెలుగు నేల కన్నీరుపెట్టింది. ఆ సరిహద్దు గొడవ ఎక్కడ మొదలైందని అడిగే పిల్లలకు ఏం చెబుతాం? ఈ మూడు పుస్తకాలు చేతిలో పెట్టొచ్చు. పుస్తకాలు పాతవే. ప్రశ్న మాత్రం పాతబడలేదు.

ఢాకాలో ఆ సాయంత్రం

ఓటమి గురించి చదివాక మనసు కుదుటపడాలంటే 1971కి రావాలి. డిసెంబరు 16న ఢాకా రేస్‌కోర్సు మైదానంలో జనరల్ నియాజీ లొంగుబాటు పత్రంపై సంతకం చేస్తున్న ఫొటో మనందరికీ తెలిసిందే. దాదాపు 93 వేల మంది బందీలు. ఆ ఫొటో వెనక కొన్ని గంటల ముందు జరిగిన కథను మేజర్ జనరల్ జె.ఎఫ్.ఆర్.జాకబ్ 1997లో 'సరెండర్ ఎట్ ఢాకా'లో రాశాడు. అప్పట్లో తూర్పు కమాండ్‌లో ఆయన చీఫ్ ఆఫ్ స్టాఫ్. జాకబ్ లెక్క ప్రకారం ఆ రోజు ఢాకాలో పాకిస్థాన్ సైనికులు 26,400 మంది. నగరం బయట మనవాళ్లు మూడు వేల మందే. అయినా లొంగుబాటు పత్రం పట్టుకుని వెళ్లి, నిర్ణయానికి అరగంట గడువిచ్చి, బయటకు వచ్చి పచార్లు చేశానంటాడు. పైకి ధీమా, లోపల గుబులు. నవలకేం తీసిపోదు!

ఇప్పుడు రెండో పుస్తకం. జాకబ్ తర్వాత ఏడాదికి, 1998లో, సాక్షాత్తూ నియాజీయే రాసిన 'ద బిట్రేయల్ ఆఫ్ ఈస్ట్ పాకిస్థాన్'. తాను ఓడిపోలేదు, పై నుంచి తనను ముంచేశారన్నది ఆయన వాదన. అందులో సొంత సమర్థన పాలు ఎక్కువే. కానీ ఓడినవాడి పుస్తకంలో ఒక్కోసారి గెలిచినవాడు చెప్పని సంగతి దొరుకుతుంది. బల్లకు అవతలివైపు కూర్చున్న మనిషికి ఆ అరగంట ఎలా గడిచిందో ఊహించడానికి ఇది పనికొస్తుంది.

సేనాపతుల మాటల్లో కనిపించనిది ఇంకోటుంది... సామాన్యుల చావు. దానికి గ్యారీ బాస్ రాసిన 'ద బ్లడ్ టెలిగ్రామ్' చదవాలి. ఢాకాలో అమెరికా కాన్సుల్ జనరల్‌గా ఉన్న ఆర్చర్ బ్లడ్, కళ్లెదుట జరుగుతున్న మారణకాండపై తమ ప్రభుత్వం నోరు మెదపడంలేదంటూ 1971 ఏప్రిల్‌లో నిరసన టెలిగ్రామ్ పంపాడు. పుస్తకానికి ఆ పేరు అలా వచ్చింది. శ్రీనాథ్ రాఘవన్ '1971' అదే కథను ప్రపంచ రాజకీయాల కోణంలో చెబుతుంది. రెండూ 2013లోనే వచ్చాయి. పక్కపక్కన పెట్టి చదివితే ఓ సెమిస్టర్ పాఠం విన్నట్టే.

వైజాగ్ సముద్రం అడుగున...

విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లినవాళ్లంతా కుర్సురా జలాంతర్గామి మ్యూజియం చూసే ఉంటారు. పిల్లలు అక్కడ తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది... 'ఘాజీని ముంచింది ఇదేనా?' కాదు. 1971లో కుర్సురా ఉన్నది అరేబియా సముద్రంలో. 2017లో వచ్చిన 'ఘాజీ' సినిమాలో మన జలాంతర్గామే పాక్ జలాంతర్గామిని వేటాడి ముంచుతుంది. సినిమా బాగుంటుంది. కానీ అది సినిమా!

జరిగిందేమిటి? విమానవాహక నౌక విక్రాంత్ కోసం ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్‌ను ముందే అండమాన్ వైపు తరలించారు. అది వైజాగ్ దగ్గరే ఉందని శత్రువు నమ్మేలా వైర్‌లెస్ సందేశాలు పంపారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక తీరానికి దగ్గర్లోనే ఘాజీ పేలి మునిగిపోయింది. లోపలున్న ఒక్కరూ బతకలేదు. రేవు నుంచి బయటికి వెళ్తూ ఐఎన్ఎస్ రాజ్‌పుత్ నీటిలోకి జారవిడిచిన డెప్త్ చార్జీలే కారణమన్నది మన కథనం. తాను పరుస్తున్న మందుపాతరలే పేలాయన్నది పాకిస్థాన్ కథనం.

అప్పటి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ 'నో వే బట్ సరెండర్' అనే పుస్తకంలో విక్రాంత్‌ను దాచిన వైనం చెప్పారు. వైస్ అడ్మిరల్ జి.ఎం.హీరానందానీ 2000లో రాసిన 'ట్రాన్సిషన్ టు ట్రయంఫ్' నౌకాదళ చరిత్ర. అందులో వేర్వేరు కథనాల్ని పక్కపక్కనే ఉంచారు. ఒకటి సాహసగాథ, ఒకటి దస్త్రం. మన ఊరి సముద్రంలో జరిగిన సంగతి మనకు సినిమా ద్వారా మాత్రమే తెలిస్తే ఎలా?

జనరల్ జ్ఞాపకం... సిపాయి ఉత్తరం

సేనాపతులు రాసిన పుస్తకాల్లో ఒక్కటే ఎంచుకోమంటే చాలామంది చెప్పే పేరు ఫీల్డ్ మార్షల్ విలియం స్లిమ్ 'డిఫీట్ ఇంటు విక్టరీ'. 1956లో వచ్చింది. 1942లో జపాన్ తరుముతుంటే బర్మా నుంచి దాదాపు 900 మైళ్లు వెనక్కి నడిచిన సైన్యం, 1944లో ఇంఫాల్, కోహిమాల్లో అదే జపాన్‌ను ఎలా నిలువరించిందో చెబుతుంది. ఆయన పద్నాలుగో సైన్యంలో అత్యధికులు భారతీయులే. స్లిమ్ గొప్పతనమేమిటంటే పొరపాట్లను దాచడు. కోహిమా మీదికి జపాన్ అంత బలగాన్ని అంత వేగంగా పంపుతుందని తాను ఊహించలేదని నిజాయతీగా ఒప్పుకుంటాడు. దాల్వీ, కౌల్‌ల వాదులాట చదివాక స్లిమ్‌ని చదివితే చన్నీళ్లతో ముఖం కడుక్కున్నట్టుంటుంది.

ఆ 900 మైళ్ల దారిలో సైన్యమొక్కటే నడవలేదు. 'రంగం' వెళ్లి కూలీనాలీ చేసుకుంటున్న మన తెలుగువాళ్లూ నడిచారు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లో 'మా తాత రంగం నుంచి నడిచొచ్చాడు' అనే కుటుంబాలు ఇప్పటికీ కనిపిస్తాయి. లక్షల మంది భారతీయులు అడవులూ కొండలూ దాటి వచ్చారు. వేల మంది దారిలోనే రాలిపోయారు. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. యుద్ధం అంటే ఎక్కడో దూరంగా జరిగేదని ఎవరన్నారు?

స్లిమ్ పక్కన పెట్టుకోవాల్సిన పుస్తకం రఘు కర్నాడ్ 'ఫార్దెస్ట్ ఫీల్డ్'. 2015లో వచ్చింది. తాతల ఇంట్లోని పాత ఫొటోల్లో ముగ్గురు యువకులు. ముగ్గురూ రెండో ప్రపంచయుద్ధంలో పోయినవాళ్లే. వాళ్లెవరు, ఎందుకు సైన్యంలో చేరారు, ఇంట్లో ఎవరూ వాళ్ల గురించి ఎందుకు మాట్లాడరు... అని వెతుక్కుంటూ వెళ్లిన మనవడి కథ ఇది. ఆ యుద్ధంలో బ్రిటిష్ ఇండియా సైన్యంలో 25 లక్షల మంది పనిచేశారు. సుమారు 87 వేల మంది చనిపోయారు. స్వాతంత్ర్యం వచ్చాక వాళ్లు ఎవరికీ చెందనివారైపోయారు.

మొదటి ప్రపంచయుద్ధానికైతే డేవిడ్ ఒమిసీ కూర్చిన 'ఇండియన్ వాయిసెస్ ఆఫ్ ద గ్రేట్ వార్' ఉంది. ఫ్రాన్సులో పోరాడిన మన సిపాయిలు ఇంటికి రాసుకున్న ఉత్తరాల సంకలనమిది. చాలామందికి రాయడం రాదు, ఎవరితోనో రాయించుకునేవారు. ఆ ఉత్తరాల్ని సెన్సారు అధికారులు అనువదించి దాచుకోబట్టే మనకు దక్కాయి. సెన్సారు కళ్లుగప్పడానికి భారత సైనికుల్ని నల్ల మిరియాలనీ, తెల్ల సైనికుల్ని ఎర్ర మిరపకాయలనీ రాసేవారట! నల్ల మిరియాలు నిండుకుంటున్నాయంటే ఇంటివాళ్లకు అర్థమయ్యేది, కొడుకును ఇక సైన్యంలోకి పంపకూడదని.

ఆమె ఎక్కడ?

స్టాలిన్‌గ్రాడ్ గురించి చదవాలంటే ఆంటొనీ బీవర్ 1998లో రాసిన 'స్టాలిన్‌గ్రాడ్'కి మించింది దొరకడం కష్టం. జర్మన్లు, రష్యన్లు... రెండు వైపుల సైనికుల ఉత్తరాలూ దస్త్రాలూ తిరగేసి రాశాడు. లొంగిపోయిన 91 వేల మంది జర్మన్ పక్షం సైనికుల్లో ఇళ్లకు తిరిగి వెళ్లింది దాదాపు అయిదారు వేల మందే. అంకెల వెనక ఆకలి, చలి, పేలు, గడ్డకట్టిన వేళ్లు కనిపిస్తాయి.

అది మూసి, స్వెత్లానా అలెక్సీవిచ్ 'ద అన్‌వుమన్లీ ఫేస్ ఆఫ్ వార్' తెరవండి. సోవియట్ సైన్యంలో పనిచేసిన ఆడవాళ్ల మాటలివి. గురిచూసి కాల్చినవాళ్లు, విమానాలు నడిపినవాళ్లు, గాయపడ్డవాళ్లను భుజాన మోసినవాళ్లు, నెత్తుటి బట్టలు ఉతికినవాళ్లు. తమ కొలతకు సరిపోని మగవాళ్ల బూట్లు వేసుకుని నడిచినవాళ్లు. ఇళ్లకు వచ్చాక పతకాలు దాచుకుని నోరుమూసుకున్నవాళ్లు. ఇందులో వీరత్వం తక్కువంటూ ప్రచురణకర్తలు మొదట వెనకాడారు. 1985లో వచ్చినప్పుడూ సెన్సారు కత్తెర పడింది. కత్తిరించినవాటిని తర్వాత మళ్లీ చేర్చారు. 2015లో ఆమెను నోబెల్ బహుమతి వరించింది. ఈ పుస్తకం చదివాక సైనిక చరిత్రను మునుపటిలా చదవలేం.

బొబ్బిలికి రెండు సాక్ష్యాలు

ఇంతకీ మన కథ మాటేమిటి?

1757 జనవరి 24. బొబ్బిలి కోట. ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం విజయరామరాజు ఒకవైపు. రంగారాయుడు, ఆయన సైన్యం మరోవైపు. కోట నిలవదని తెలిశాక ఆడవాళ్లనూ పిల్లలనూ తమ చేతులతోనే చంపుకుని వెలమవీరులు చివరిదాకా పోరాడారు. ఆ తర్వాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజును ఆయన డేరాలోనే హతమార్చాడు. జంగం కథల్లో, బుర్రకథల్లో, 1964లో వచ్చిన ఎన్టీఆర్ 'బొబ్బిలి యుద్ధం'లో మనం విన్నదీ చూసిందీ ఇదే.

ఇదే సంగతిని ఆ రోజుల్లోనే మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కౌన్సిల్ సభ్యుడిగా ఉన్న రాబర్ట్ ఓర్మ్ తన యుద్ధ చరిత్రలో రాశాడు. ఆ భాగం 1778లో అచ్చయింది. పొగడ్తలు రాని కంపెనీ ఉద్యోగి కూడా ఇక్కడికి వచ్చేసరికి చలించిపోయాడు. మంటల మధ్య నుంచి ఓ ముసలాయన రాజుగారి చిన్న కొడుకును తీసుకొచ్చి ఫ్రెంచి అధికారి చేతికి అప్పగించిన దృశ్యం ఓర్మ్ పుస్తకంలో ఉంది. పాటలో పౌరుషం వినిపిస్తుంది. పుస్తకంలో పరిణామం కనిపిస్తుంది. విజయరామరాజు తర్వాత వచ్చిన ఆనందగజపతిరాజు ఫ్రెంచివారిపై కోపంతో ఇంగ్లిషువారిని పిలిచాడు. క్లైవ్ బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డ్‌ను పంపాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడారు. ఉత్తర సర్కారులు ఇంగ్లిషువారి చేతికి చిక్కే దారి అక్కడ తెరుచుకుంది. పాట ఒక్కటే వింటే ఈ గొలుసు తెలీదు. పుస్తకం ఒక్కటే చదివితే ఆ గుండె చప్పుడు తెలీదు.

మొదటిసారి చదివేవారికి...

* లావుపాటి పుస్తకంతో మొదలుపెట్టకండి. జాన్ కీగన్ 1976లో రాసిన 'ద ఫేస్ ఆఫ్ బ్యాటిల్' మంచి ఆరంభం. తానెప్పుడూ యుద్ధంలో లేనని ఒప్పుకుంటూనే మొదలుపెట్టి, అజిన్‌కోర్, వాటర్లూ, సొమ్ యుద్ధాల్లో మామూలు సైనికుడికి ఏం కనిపించిందో, ఏం వినిపించిందో వివరిస్తాడు.

* పక్కన ఓ మ్యాపు ఉంచుకోండి. వాగు ఎటువైపు, కొండ ఎటువైపు అన్నది తెలియకపోతే సగం కథ అర్థం కాదు.

* రాసినవాడు ఆ రోజు ఎక్కడున్నాడో ముందు చూడండి. గుడారంలోనా, కందకంలోనా, దిల్లీలోనా?

* పుస్తకం ఎప్పుడొచ్చిందో చూడండి. యుద్ధం ముగియగానే వచ్చినదాంట్లో కోపం ఎక్కువ. ముప్ఫై ఏళ్లకు వచ్చినదాంట్లో దస్త్రాలు ఎక్కువ.

* కార్గిల్ గురించైతే జనరల్ వి.పి.మాలిక్ 'కార్గిల్: ఫ్రమ్ సర్‌ప్రైజ్ టు విక్టరీ' చదవండి. దానికి జతగా రచనా బిష్త్ రావత్ రాసిన 'కార్గిల్: అన్‌టోల్డ్ స్టోరీస్'. ఒకటి సైన్యాధిపతి మాట, ఇంకోటి సైనికుల ఇళ్లలో విన్న మాట.

* వరసగా యుద్ధాలే చదివితే మనసు బరువెక్కుతుంది. మధ్యలో యరోస్లావ్ హాషెక్ 'ద గుడ్ సోల్జర్ ష్వెయిక్' పట్టుకోండి. అమాయకుడో గడుసువాడో తేలని ఓ సిపాయి మొత్తం సైన్యాన్నే నవ్వులపాలు చేస్తాడు. అదీ వద్దనుకుంటే మన మొక్కపాటివారి 'బారిస్టర్ పార్వతీశం' ఎప్పుడూ ఉండనే ఉంది!

పెట్టెలో ఏముందో...

ఆదివారం పూట అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలు తిరగేస్తే ఈ పుస్తకాల్లో ఒకటో రెండో దొరక్కపోవు. పుస్తక ప్రదర్శనల్లోనూ వెతకొచ్చు. అయితే ఎంత వెతికినా తేలిగ్గా దొరకనిది ఒకటుంది. తెలుగు సైనికుడు తెలుగులో చెప్పుకున్న కథ. పశ్చిమగోదావరిలో మాధవరానికి 'మిలటరీ మాధవరం' అనే పేరే ఉంది. ప్రపంచయుద్ధాల నాటి నుంచీ ఆ ఊరి నుంచి తరతరాలుగా సైన్యంలోకి వెళ్తున్నారు. అలాంటి ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని లేవు! బర్మా వెళ్లిన తాత, బంగ్లాదేశ్ యుద్ధానికి వెళ్లిన పెదనాన్న, కార్గిల్ చూసిన మావయ్య... జనరళ్లు పుస్తకాలు రాశారు. వీళ్లు రాయలేదు. అడిగినవాళ్లు లేక చెప్పనూ లేదు.

1971లో ఇరవై ఏళ్ల కుర్రాడు ఇప్పుడు డెబ్భై అయిదు దాటిన పెద్దాయన. ఇంట్లో అటక మీద ఇనప పెట్టె ఉంటుంది. అందులో ఓ పతకం, నాలుగు ఉత్తరాలు, వెనక తేదీ రాసిన ఫొటో. ఈ ఆదివారం చదవాలనుకున్న పుస్తకం కాసేపు పక్కన పెట్టి ఆ పెట్టె దించండి. ఆయన పక్కన కూర్చుని 'ఇది ఎక్కడ తీయించుకున్నారు తాతయ్యా?' అని అడగండి. చేతిలో ఓ నోటు పుస్తకం ఉంచుకోవడం మర్చిపోకండి.

మీ ఇంటికి సంబంధించినంతవరకూ ఆ రెండో పుస్తకం ఇంకా ఎవరూ రాయలేదు.